మే ఎండలో జెట్ విమానం ఎంత బరువుతో లేవగలదు? టేకాఫ్, ల్యాండింగ్ లెక్కలు వేయడం ఎలా

రెండు ఇంజిన్ల జెట్ విమానానికి వేసే లెక్కలన్నిటి వెనకా ఒకే ప్రశ్న ఉంటుంది: రన్‌వే మీద అత్యంత చెడ్డ క్షణంలో ఒక ఇంజిను ఆగిపోతే, మిగిలిన ఒక్కదానితో గట్టెక్కే దారి ఉందా? రెండూ పనిచేస్తే విమానం ఎలాగూ లేస్తుంది.

ఇప్పుడు ట్యాబ్‌లో అంకెలు కొడితే జవాబు వచ్చేస్తుంది. అయితే చేత్తో ఎన్నడూ లెక్క వేయనివారు తప్పు జవాబును చూసి తప్పని గుర్తుపట్టలేరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి పైలట్ శిక్షణకు వెళ్లే పిల్లలు, ఆసక్తితో చదివేవారు కాగితం మీద వేసి చూసుకోవడానికి ఇది రాస్తున్నాను. అసలు విమానం నడిపేటప్పుడు మాత్రం ఆ విమానం మాన్యువల్‌లోని పట్టికలే ప్రమాణం.

మొదట గాలిని లెక్కగట్టండి

మనకు దగ్గరలోని శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 2,024 అడుగుల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండ, వాతావరణ నివేదికలో క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి సరిచేసిన గాలి పీడనం) 1004 హెక్టోపాస్కల్స్ అనుకుందాం. ప్రామాణిక పీడనం 1013 కంటే ఇది 9 తక్కువ. ఒక్కో హెక్టోపాస్కల్‌కు సుమారు 30 అడుగులు కలపాలి. 270 కలిపితే పీడన ఎత్తు, అంటే ప్రామాణిక వాతావరణంలో ఇదే పీడనం ఉండే ఎత్తు, 2,294 అడుగులు.

ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు ఉంటుంది, వెయ్యి అడుగులకు దాదాపు 2 డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఈ ఎత్తులో ఉండవలసింది 10.4 డిగ్రీలు, ఉన్నది 31.6 ఎక్కువ. ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున పీడన ఎత్తుకు కలపండి. సాంద్రత ఎత్తు దాదాపు 6,100 అడుగులు వస్తుంది. అంటే ఇక్కడి గాలి ప్రామాణిక వాతావరణంలో అంత ఎత్తున ఉండే గాలంత పలుచగా ఉందన్నమాట. జనవరి ఉదయం 14 డిగ్రీలు, 1016 హెక్టోపాస్కల్స్‌తో ఇదే లెక్క వేస్తే 2,300 కూడా దాటదు.

ఈ తేడాను తేలిగ్గా తీసుకోకండి. స్పీడు మీటరు రెండు రోజుల్లోనూ 140 నాట్లే (నాట్ అంటే విమాన వేగపు కొలత) చూపినా, గాలి పలుచబడినందున గాలిలో విమానం నిజవేగం జనవరిలో 145 ఉంటే మేలో 153 ఉంటుంది. అంటే ఆపవలసి వస్తే బ్రేకులు మింగవలసిన శక్తి 12 శాతం ఎక్కువ. పైగా చాలా జెట్ ఇంజిన్లు ఒక ఉష్ణోగ్రత వరకే పూర్తి థ్రస్ట్ (ముందుకు తోసే బలం) ఇస్తాయి, ఆపైన తగ్గుతూ పోతాయి.

రన్‌వే ఎంత బరువును అనుమతిస్తుంది?

పరుగుకు, గాలిలోకి లేవడానికి, వేగం పుంజుకుని ఆగడానికి, దిగడానికి దొరికే దూరాలను విమానాశ్రయం విడివిడిగా ప్రకటిస్తుంది. పైలట్లు వాటిని టోరా, టోడా, ఆస్‌డా, ఎల్‌డీఏ అంటారు. వీటి పక్కన గాలి దిశను రాసుకోండి. ఎదురుగాలిలో సగమే లెక్కలోకి తీసుకోవాలి. వెనుకగాలిని మాత్రం ఒకటిన్నర రెట్లు చేయాలి.

ఇప్పుడు మూడు దూరాలు చూడాలి. టేకాఫ్ మానుకోవడానికి ఆఖరి వేగమైన వీ1 దగ్గర మానుకుని ఆగడానికి పట్టేది ఒకటి. వీ1కు కాస్త ముందు ఇంజిను పోయినా కొనసాగించి 35 అడుగుల ఎత్తు చేరడానికి పట్టేది రెండోది. రెండు ఇంజిన్లతో 35 అడుగులు చేరే దూరానికి 15 శాతం కలిపితే వచ్చేది మూడోది. ప్రతి ఒక్కటీ ప్రకటించిన దూరంలో ఇమడాలి. వీ1 తగ్గిస్తే ఆగడం సులువు, ఎగరడం కష్టం, పెంచితే తలకిందులు. ఆ రెండు దూరాలు సమానమయ్యే వీ1నే సాధారణంగా ఎంచుకుంటారు.

పొడవైన రన్‌వే ఉంటే సరిపోతుందా?

సరిపోదు. శంషాబాద్ ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు. అంత పొడవున్నచోట ఎండాకాలంలో బరువును కట్టడి చేసేది తరచుగా రన్‌వే కాదు, ఎక్కుడు (పైకి ఎక్కే) సామర్థ్యం. చక్రాలు ముడుచుకున్నాక, ఒక్క ఇంజినుతో, వీ2 (ఒక ఇంజిను పోయినా భద్రంగా ఎక్కగల) వేగంతో కనీసం 2.4 శాతం వాలులో పైకి పోగలగాలి. అంటే 100 మీటర్లు ముందుకు పోతే 2.4 మీటర్లు పైకి. అడ్డంకుల లెక్కలో ఇందులోంచి 0.8 శాతం తీసేసి, మిగిలిన వాలుతో దారిలోని ప్రతి గుట్టనూ టవర్‌నూ 35 అడుగుల ఎడంతో దాటుతుందో లేదో చూడాలి.

మిగులు రన్‌వేను వాడుకునే చక్కని ఉపాయం ఒకటుంది. నేల మీదే మరికొంత వేగం పుంజుకుని, వీఆర్ (ముక్కు పైకెత్తే వేగం), వీ2లను పెంచితే ఎక్కే వాలు మెరుగవుతుంది, బరువు కొంత పెంచుకోవచ్చు. టైర్ల వేగ పరిమితి, బ్రేకుల శక్తి పరిమితి అడ్డుపడేవరకే ఇది సాగుతుంది.

చివరికి రన్‌వే, ఎక్కుడు, అడ్డంకులు, టైర్లు, బ్రేకులు, విమాన నిర్మాణం ఇచ్చే బరువులను, గమ్యంలో దిగగల బరువుకు దారి ఇంధనం కలిపిన మొత్తాన్ని ఒకచోట రాయండి. అన్నిటిలోకీ తక్కువదే మీ గరిష్ఠ టేకాఫ్ బరువు.

అంకెను మరొకరు సరిచూడాలి

2009 మార్చి 20న మెల్‌బోర్న్‌లో ఎమిరేట్స్ ఎయిర్‌బస్ ఎ340 సిబ్బంది 362.9 టన్నుల బరువుకు బదులు 262.9 అని నమోదు చేశారు. థ్రస్ట్, వేగాలు తక్కువగా వచ్చాయి. విమానం తోక నేలకు రాసుకుని, రన్‌వే చివర దాటాక గాని లేవలేదు. అందుకే ఇద్దరు పైలట్లు వేర్వేరుగా లెక్క వేసి, ఆ తర్వాతే పోల్చుకోవాలి. ఒకరు చదివితే మరొకరు తలూపడం సరిచూడటం కాదు.

దిగే లెక్క

రన్‌వే అంచును 50 అడుగుల ఎత్తులో, వీరెఫ్ (దిగడానికి నిర్ణయించిన) వేగంతో దాటి, పూర్తిగా ఆగేవరకు పట్టే దూరం 1,500 మీటర్లు అనుకుందాం. బయలుదేరేముందు వేసే లెక్కలో అది దొరికే దూరంలో 60 శాతానికి మించకూడదు. అంటే పొడి రన్‌వే 2,500 మీటర్లుండాలి. తడిగా ఉంటుందనుకుంటే మరో 15 శాతం కలిపి 2,875. మహబూబ్‌నగర్ జిల్లా గుడిబండలో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ఉంది. అక్కడ 2,300 మీటర్ల రన్‌వే వస్తుందనుకుంటే, కంటికి 800 మీటర్ల మిగులు కనిపించినా ఈ విమానాన్ని ఆ బరువుతో అక్కడికి పంపకూడదు.

దిగలేక మళ్లీ పైకి లేవాల్సివస్తే ఒక్క ఇంజినుతో 2.1 శాతం వాలు దొరుకుతుందా అన్నదీ ఇక్కడే చూడాలి.

గాలిలో ఉండగా, దిగేముందు, అప్పటి వానకూ గాలికీ తగిన పట్టికతో మళ్లీ లెక్క వేసి, కనీసం 15 శాతం మిగులు ఉంచుకోండి. ఈ అంకెలన్నీ సరైనచోట నేల తాకితేనే చెల్లుతాయి. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో బోయింగ్ 737 వానలో, వెనుకగాలితో, దాదాపు సగం రన్‌వే దాటాక నేల తాకింది. 21 మంది చనిపోయారు. నిర్దేశిత భాగం దాటినా చక్రాలు ఆనకపోతే మళ్లీ పైకి లేపాలన్న నిర్ణయాన్ని, దిగడం మొదలుపెట్టకముందే ఇద్దరూ పైకి చెప్పుకోవాలి.