కొండెక్కడానికి సామాన్లు కొంటున్నారా? బ్యాగు ఆఖర్న కొనండి

ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు నుంచి శివరాత్రికి మహేంద్రగిరి కొండ ఎక్కడం తాతల నాటి అలవాటు. ఇప్పుడు చలికాలం మొదలవగానే కుర్రాళ్ళు, ఆడపిల్లలు వీపున బ్యాగులతో బయల్దేరుతున్నారు. నాకు చాలా సంతోషం. కానీ ప్రతి జట్టులోనూ ఒకటే తప్పు చూస్తున్నాను. మొట్టమొదట ఫోన్‌లో ఆఫర్ చూసి 70 లీటర్ల బ్యాగు కొనేస్తారు, ఆ తర్వాత దాన్ని నింపే పనిలో పడతారు. సంచిలో చోటుంటే మనసు ఊరుకోదు. రెండో ప్యాంటు, మూడో తువ్వాలు, అమ్మ ఇచ్చిన జంతికల డబ్బా అన్నీ ఎక్కుతాయి. సగం కొండకి భుజాలు పట్టేస్తాయి.

వరస తిప్పండి. బూట్లు ముందు. తర్వాత పడుకునే పక్క, బట్టలు. బ్యాగు చిట్టచివర.

బూట్లు సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మందపాటి మేజోళ్ళతో తొడిగి చూస్తే వేళ్ళ ముందు ఒక వేలు మందం ఖాళీ మిగలాలి. లేకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడుతుంది. నూలు మేజోళ్ళు వద్దు, తడిసి బొబ్బలెక్కిస్తాయి. కొన్నాక రెండు వారాలు ఊళ్ళో తొడుక్కుని తిరగండి.

స్లీపింగ్ బ్యాగు మీద ఎన్ని డిగ్రీల చలికో చెప్పే కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు అంకెలుంటాయి. కంఫర్ట్ అంకె ఒక్కటే చూడండి. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆ చలిలో ప్రాణం నిలబడచ్చని, నిద్ర పడుతుందని కాదు. వెయ్యి మీటర్లు పైకెళితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. మహేంద్రగిరి 1,501 మీటర్లు, కోరాపుట్ దగ్గరి దేవమాలి 1,672. ఊళ్ళో రాత్రి 15 డిగ్రీలుంటే మహేంద్రగిరి మీద 7, గాలి వీస్తే ఇంకా చలి. కంఫర్ట్ 5 ఉన్నది తీసుకోండి, కింద పరవడానికి ఫోమ్ చాప కూడా. చాప లేకుండా ఎంత మంచి స్లీపింగ్ బ్యాగైనా నేల చలిని ఆపదు.

జీన్స్ వద్దు. తడిస్తే మర్నాటికీ ఆరవు. చొక్కా నిండు చేతులది కావాలి, ఎండకే కాదు, దోమలకి కూడా. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలు మలేరియాకి పేరుపడ్డవి. చీకటి పడ్డాక చేతులు, చీలమండలు కప్పుకోవాలి, మిగతా చోట దోమల క్రీము రాసుకోవాలి. ఇక తలకి కట్టుకునే లైటు, విజిల్, ఓఆర్ఎస్ పొట్లాలు, లీటరున్నర సీసాలు రెండు. మొదటి ప్రయాణానికి స్టవ్వు అక్కర్లేదు. అటుకులు, వేయించిన శనగలు, బెల్లం చాలు.

ఇప్పుడు బ్యాగు. సామాను మొత్తం మంచం మీద పోసి, పాతిక కిలోల బియ్యం బస్తా ఖాళీది తెచ్చి అందులోకి సర్దండి. ఆ బస్తా సుమారు 30 లీటర్లు. బస్తా నిండి ఇంకొంచెం మిగిలిందా, మీకు 45 లీటర్ల బ్యాగు సరిపోతుంది. రెండో బస్తా కావాల్సి వచ్చిందంటే బ్యాగు పెంచకండి, సామాను తగ్గించండి. నీళ్ళతో కలిపి మోత మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదు. 60 కిలోల మనిషికి 12 కిలోలు.

లీటర్లు తేలాక అసలు కష్టం మొదలవుతుంది. బ్యాగుకి కావలసింది మీ ఎత్తు కాదు, మీ వీపు పొడవు. తల ముందుకి వంచితే మెడ మొదట్లో ఒక ఎముక ముడి చేతికి తగులుతుంది. అక్కడ టైలరు టేపు పట్టుకోమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. మీరు రెండు చేతులూ నడుం పక్క ఎముకల మీద ఆనించి, బొటనవేళ్ళు వెన్ను వైపు చాపండి. ఆ రెండు వేళ్ళనూ కలుపుతూ ఒక గీత ఊహించుకోండి. ముడి నుంచి ఆ గీత దాకా వచ్చే కొలతే వీపు పొడవు. ఆరడుగుల వాడికి పొట్టి వీపు ఉండచ్చు, ఐదడుగుల అమ్మాయికి పొడుగు వీపు ఉండచ్చు. అందుకే అన్నయ్య బ్యాగు చెల్లికి సరిపోతుందని అనుకోకండి.

షాపులో ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకోవడం దండగ, ఖాళీ బ్యాగు అందరికీ సరిపోతుంది. నేను 8 కిలోల బియ్యం మూట వెంట తీసుకెళతాను. షాపువాళ్ళు వింతగా చూస్తే చూడనీయండి. మూట లోపల పెట్టి, పట్టీలన్నీ వదులు చేసి వీపుకి ఎత్తుకోండి. మొదట నడుము పట్టీ. దాని మధ్య భాగం సరిగ్గా నడుం పక్క ఎముకల మీద కూర్చోవాలి. పొట్ట మీద కాదు, పొట్ట మీద బిగిస్తే ఊపిరి ఆడదు. పిర్రల మీద కూడా కాదు, అక్కడ అడుగడుక్కీ జారుతుంది. పట్టీ బిగించాక లాగడానికి ఇంకా బెత్తెడు మిగలాలి. మొత్తం లాగేసినా వదులుగానే ఉంటే ఆ బ్యాగు మీది కాదు.

అప్పుడే భుజం పట్టీలు లాగండి, అవి భుజాన్ని చుట్టుకుంటే చాలు, నొక్కకూడదు. కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. పైన మెడ పక్కన చిన్న పట్టీలుంటాయి, అవి బ్యాగు పైభాగాన్ని వీపుకి దగ్గర లాగుతాయి. భుజం నుంచి వెనక్కి ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో లేవాలి. అవి అడ్డంగా పడి ఉంటే బ్యాగు మీకు పొట్టిది. ఛాతీ పట్టీ ఆఖరున, వదులుగా.

ఈ వరస తప్పితే మళ్ళీ మొదటి నుంచి రావాలి. భుజాలు ముందు బిగిస్తే నడుము పట్టీ పైకి లేచిపోతుంది, బరువంతా మెడ మీద పడుతుంది. మా పిన్ని కూతురు మొదటిసారి అలాగే వెళ్ళింది. రాత్రి స్వెటర్ తీస్తుంటే రెండు భుజాల మీదా చర్మం లేచిపోయి ఎర్రగా కనిపించింది. మర్నాడు ఆమె బ్యాగు నేనే మోశాను. పట్టీలు వదులు చేసి నడుము దగ్గర నుంచి మళ్ళీ కట్టుకుంటే, అంతమందిలో అదే తేలికైన బ్యాగులా అనిపించింది.

కావడి మోసేవాళ్ళని గమనించండి. సవర రైతులు అనాస, పనస సంతకి దించేటప్పుడు దారిపొడుగునా భుజం మార్చుకుంటూ వస్తారు. వీపు సంచికి ఆ వీలు లేదు. భుజం మార్చలేం కాబట్టి బరువు నడుముకి దించాల్సిందే. నడుము పట్టీ లేని బ్యాగుని, ఎంత చవకైనా, నేను కొననివ్వను.

అన్నీ కుదిరాక షాపులోనే పావుగంట మెట్లెక్కి దిగండి. ఎక్కడైనా రాసుకుంటే అది అలవాటవుతుందని నమ్మకండి, 15 నిమిషాల్లో గుచ్చుకున్నది 5 గంటలకి పుండవుతుంది.

సర్దేటప్పుడు లోపల మందపాటి పాలిథిన్ సంచి పెట్టి అందులోనే సామాను వేయండి. పైన తొడిగే రెయిన్ కవర్‌ని చాలామంది నమ్ముకుంటారు కానీ వాన వీపు వైపు నుంచి కారుతుంది, కవర్ ఏం చేయలేదు. స్లీపింగ్ బ్యాగు అడుగున, నీళ్ళు, తిండి వీపుకి ఆనేలా మధ్యలో, లైటు, విజిల్ పైన.

కొండపైన రాత్రి ఉండాలనుకుంటే అటవీ శాఖ వాళ్ళని ముందే అడగండి. బయల్దేరే వారం ముందు ఒక తెల్లవారుజామున బ్యాగు నిండా సర్దుకుని, మహేంద్రతనయ నది దాటి పాతపట్నం దాకా నడిచి వెనక్కి రండి. వచ్చాక అద్దం ముందు చొక్కా తీసి భుజాలు చూసుకోండి. ఎరుపు భుజాల మీద ఉంటే మళ్ళీ నడుము పట్టీ దగ్గర నుంచి మొదలుపెట్టండి.