టాకింగ్ బ్లూస్ నేర్చుకుందాం – 4: పాడొద్దు, చెప్పండి

టాకింగ్ బ్లూస్ అంటే గిటార్ మోగుతుంటే పాడకుండా తాళానికి మాటలు చెప్పే అమెరికన్ పద్ధతి, చరణానికి నాలుగు పాదాలు. ఈసారి నేరుగా తోక దగ్గరికి, అంటే నాలుగు పాదాలయ్యాక వచ్చే విడి మాటల దగ్గరికి వెళ్ళాల్సింది. మీరు పంపిన రికార్డింగులు విన్నాక మూడో పాఠాన్నే మళ్ళీ పట్టుకోక తప్పదనిపించింది. గిటార్ కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు, బాగున్నాయి. మొదటి పాదానికి జీ, రెండో దానికి సీ, మూడు నాలుగు పాదాలకి డీ సెవెన్, చివర్లో మళ్ళీ జీ. చేతులు ఎక్కడా తడబడడం లేదు. ఇబ్బందంతా గొంతుతోనే. చాలామంది పాడేస్తున్నారు.

పాడుతున్న సంగతి మీకే తెలియడం లేదు. మొదటి పాదం చక్కగా చెబుతారు. గిటార్ సీకి మారగానే గొంతు కూడా దాని వెంట పైకి లేస్తుంది. చివర్లో జీకి రాగానే దిగి, ఆఖరి అక్షరం మీద సాగుతుంది. బడిలో పద్యాలు రాగం తీసి చదివిన అలవాటు మనకి గట్టిగా ఉంటుంది. పాదం చివరికి రాగానే నోరు దానంతటదే దీర్ఘం తీస్తుంది. ఇక్కడ అది వద్దు.

ఎందుకు వద్దో తెలియాలంటే ఈ పద్ధతి ఎలా మొదలైందో చూడాలి. దక్షిణ కరోలినాకి చెందిన క్రిస్ బుషిలాన్ 1926లో అట్లాంటాలో కొలంబియా కంపెనీకి ఒక రికార్డు ఇచ్చాడు. ఆయన పాట కంపెనీ మనిషికి నచ్చలేదట, మాట తీరు మాత్రం నచ్చిందట. పాడొద్దు, గిటార్ మోగుతుంటే ఊరికే చెప్పమన్నాడని అంటారు. ఆ రికార్డు పేరే ఈ పద్ధతికి పేరైంది. 1941లో జానపద గాయకుడు పీట్ సీగర్ ఉన్న ఆల్మనాక్ సింగర్స్ బృందం దీన్నే తీసుకుని, యూనియన్ ఎలా పెట్టుకోవాలో కార్మికులకి వరసగా చెప్పింది: ముందు తోటివాళ్ళతో మాట్లాడండి, కరపత్రం పంచండి, మీటింగ్ పెట్టండి. ఇలాంటి సంగతి చెప్పేటప్పుడు ఒక్క మాట వినపడకపోయినా నష్టమే. 1963 మేలో బాబ్ డిలన్ ఎడ్ సల్లివన్ టీవీ షోలో కమ్యూనిస్టులంటే పడని జాన్ బర్చ్ సొసైటీ అనే సంస్థ మీద ఒక టాకింగ్ బ్లూస్ చెప్పబోయాడు. ఆ షో వేసే సీబీఎస్ చానల్ వాళ్ళు కుదరదన్నారు. ఆయన వేరే పాటకి ఒప్పుకోకుండా వెళ్ళిపోయాడు. ఈ పద్ధతిలో మాట రాగం వెనక దాక్కోదు. అందరికీ వినపడుతుంది, తగలాల్సినవాళ్ళకి తగులుతుంది. మీరు రాగం తీస్తే పోయేది అదే.

గొంతు సర్దుకోవడానికి నేను వాడే దారి ఒకటుంది. చరణం మొత్తం జీ మీదే వాయించండి, కార్డ్ మార్చకండి. వెంట పోవడానికి మెట్టు లేకపోతే గొంతు నేల మీదే ఉంటుంది. పక్క గదిలో ఉన్న మనిషికి చెబుతున్నట్టు చెప్పండి. అది కుదిరాకే సీ, డీ సెవెన్ కలపండి. తీగలు మీటే ప్లెక్ట్రమ్ పక్కన పెట్టి బొటనవేలితో వాయించండి. ప్లెక్ట్రమ్ శబ్దం మాటని మింగేస్తుంది. తాళం కొట్టే మెట్రోనోమ్ కూడా అక్కర్లేదు, కాలితో తాళం వేస్తే చాలు.

ఇక ప్రాస. దీని గురించి మూడో పాఠంలో ఒక్క వాక్యంతో సరిపెట్టాను, ఈసారి పూర్తిగా చెబుతాను. రెండేసి పాదాల చివర ప్రాస కలపమంటే ఎక్కువమంది ఇలా రాశారు:

అద్దె కోసం ఓనరు పొద్దున్నే వచ్చాడు,
మెట్ల మీద కుర్చీ వేసి కూర్చున్నాడు.

ఇది ప్రాస కాదు. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, మగవాడు ఏ పని చేసినా చివర ‘డు’ ఉంటుంది. వచ్చాడు, పోయాడు, అరిచాడు, నవ్వాడు. మీరు కష్టపడి కలిపిందేమీ లేదు, వ్యాకరణమే కలిపేసింది. వినేవాడి చెవికి మొదటి ‘డు’ పడగానే రెండోది ముందే తెలిసిపోతుంది. ‘వెళ్ళాను, తిన్నాను’ కూడా అంతే. ‘పోయింది, అయింది’ కూడా అంతే. ‘తిన్నాడు, కన్నాడు’ అని ధాతువు దగ్గర కూడా కలిపితే కొంత నయం, కానీ చరణం నిండా అవే ఉంటే మళ్ళీ అదే రొద.

క్రియని లోపలికి తోసి నామవాచకాన్ని చివరికి తెండి. మెట్ల మీద వేసుకున్నాడు కుర్చీ. ఇది కృత్రిమం కాదు, ఇంట్లో మనం మాట్లాడేదే ఇలా: “అయిపోయింది గ్యాస్”, “ఎక్కడ పెట్టావ్ తాళం?”, “వచ్చాడండీ మా బావ”. మాటలా వినిపించాల్సిన ప్రక్రియకి ఈ వరసే సరిగ్గా సరిపోతుంది. పైగా చివర నామవాచకం ఉంటే తర్వాతి పాదంలో క్రియే లేకపోయినా నడుస్తుంది. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలకి మొహమాటపడకండి. లోను–ఫోను, సీటు–లేటు, టికెట్టు–జాకెట్టు, అన్నీ పనికొస్తాయి. ఆ చరణాన్నే నేనైతే ఇలా చెబుతాను, పాదానికి నాలుగు దెబ్బలు:

ఒకటో | తారీకు | అద్దెకట్టే | రోజు,
జేబులో | చెయ్యిపెడితే | చిల్లర, | బూజు.
ఓనరు | మెట్లమీద | వేసుకున్నాడు | కుర్చీ,
చేతిలో | రసీదుబుక్కు, | మాటలో | మిర్చి.

ఇప్పుడు తోక. నాలుగో పాదం అయ్యాక గిటార్ జీ మీద తిరుగుతూనే ఉంటుంది. నోరు మాత్రం తాళం వదిలేస్తుంది. ప్రాస ఉండదు, లెక్క ఉండదు. ఒక మాట కావచ్చు, మూడు వాక్యాలు కావచ్చు. పై చరణానికి నా తోక:

కిటికీ వైపు చూశాను... రెండో అంతస్తు.

“డబ్బు లేకపోతే ఎంత కష్టమో చూశారా” అని తోక పెట్టకండి. అది వినేవాడు తనంతట తాను అనుకోవాల్సిన మాట. తోక పని, అప్పటిదాకా చెప్పినదాన్ని కొంచెం పక్కకి తిప్పడం. వుడీ గత్రీ 1940లో రికార్డు చేసిన టాకింగ్ డస్ట్ బౌల్ బ్లూస్ వినండి. దుమ్ము తుఫాన్లకి పొలం పోయి కుటుంబంతో కాలిఫోర్నియా చేరినవాడి కథ. చివర్లో పిల్లలకి ఆలుగడ్డల పులుసు పెడతారు. అది ఎంత పల్చనంటే దానిలోంచి పత్రిక చదవొచ్చంటాడు. తోకలో, ఇంకొంచెం పల్చగా ఉంటే కొందరు రాజకీయ నాయకులకి కూడా దానిలోంచి కనపడేదేమో అంటాడు. అప్పటిదాకా ఒక ఇంటి ఆకలి. ఆ ఒక్క మాటతో అది దేశం సంగతైపోయింది. గొంతు మాత్రం పెంచడు.

తోక చెప్పేటప్పుడు గిటార్ ఆపొద్దు. ఆపితే వినేవాడు పాట అయిపోయిందనుకుంటాడు. ఆర్లో గత్రీ 1967లో విడుదల చేసిన ‘ఆలిసెస్ రెస్టారెంట్’ 18 నిమిషాలకి పైగా ఉంటుంది. అది మన నాలుగు పాదాల లెక్కలోది కాదు. అయినా వినండి, అంతసేపు కబురు నడుస్తుంటే కింద గిటార్ ఎలా తిరుగుతూ ఉంటుందో దానికోసం.

సాధన. రేపటి పేపర్లో జిల్లా పేజీ నుంచి ఒక వార్త తీసుకోండి. దానితో ఎనిమిది చరణాలు రాయండి. ఏ రెండు తోకలూ ఒకే పొడవు ఉండకూడదు, ఒక తోక ఒక్క మాటే కావాలి. పాదాల చివర క్రియలు మొత్తం మీద రెండుకి మించొద్దు. ఎనిమిదీ ఒకే ఊపులో, మధ్యలో గిటార్ ఆపకుండా రికార్డు చేయండి. మాట తప్పితే జీ మీదే తిరుగుతూ గుర్తు తెచ్చుకుని మళ్ళీ అందుకోండి, ఆ చోటుని కత్తిరించకుండా అలాగే పంపండి. వచ్చే పాఠం దాని మీదే.