కీ సర్వర్లో పెట్టాక స్పామ్ మొదలైందా, ఇది చూడండి

మా బావది చీమకుర్తిలో గ్రానైట్ ఎక్స్‌పోర్ట్, నెల్లూరులో ఉండే ఆడిటర్‌కి బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ మెయిల్లోనే పోతాయి, అందుకని నేనే కూర్చుని ఇద్దరికీ జీపీజీ (మెయిల్‌ని వేరేవాళ్ళు చదవకుండా లాక్ చేసే సాఫ్ట్‌వేర్) పెట్టించా. అప్పుడు వచ్చిన తిప్పలు ఇవి.

సమస్య: పబ్లిక్ కీని (అవతలివాళ్ళు మనకి పంపే మెయిల్‌ని లాక్ చేసే కీ) కీ సర్వర్‌కి (ఎవరి కీ అయినా వెతుక్కునే చోటు) ఎక్కించిన కొన్నాళ్ళకి లోన్లు, లాటరీలు అంటా మెయిల్స్ వచ్చి పడతా ఉన్నాయి.

కారణం: పబ్లిక్ కీ అంటే ఒట్టి కీ కాదండీ, దాంట్లో మన పేరూ మెయిల్ ఐడీ కూడా ఉంటాయి. ఎస్‌కేఎస్ అనే పాత రకం కీ సర్వర్లలో ఎక్కించడమే గానీ తీసేయడం అనేది లేదు, పైగా ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి కాపీ అయిపోతా ఉంటది. 2019లో ఓపెన్‌పీజీపీ (జీపీజీ నడిచే పద్ధతి) మీద పనిచేసే ఇద్దరి కీలకి ఎవరో వేలకి వేలు దొంగ సంతకాలు (ఈ కీ వీళ్ళదే అని వేరేవాళ్ళు వేసేవి) తగిలిస్తే, వాటిని కూడా తీయలేకపోయారు.

పరిష్కారం: పోయిన ఐడీ ఇంక వెనక్కి రాదు, కీని రివోక్ చేసినా (ఇంక చెల్లదని చెప్పినా) అడ్రస్ అక్కడే ఉంటది. కీ పనికి వేరే మెయిల్ ఐడీ ఒకటి పెట్టుకుని దాంతో కొత్త కీ చేయండి, కీ రకం ఈడీ25519 గానీ ఆర్‌ఎస్‌ఏ 3072 గానీ చాలు, రెండేళ్ళ ఎక్స్‌పైరీ పెట్టండి, తర్వాత పొడిగించుకోవచ్చు. ఒకరిద్దరికే అయితే సర్వర్ ఎందుకు, ఫైల్ నేరుగా పంపేయండి. సర్వర్ కావాల్సిందే అంటే కీస్ డాట్ ఓపెన్‌పీజీపీ డాట్ ఆర్గ్ వాడండి, మనం మెయిల్లో లింక్ నొక్కి ఒప్పుకుంటేనే అడ్రస్ చూపిస్తది, వద్దనుకుంటే తీసేయొచ్చు కూడా.

సమస్య: వచ్చిన కీ నిజంగా ఆడిటర్‌దేనా అని డౌటు.

పరిష్కారం: ఫింగర్‌ప్రింట్‌లో (కీని గుర్తుపట్టే పొడుగాటి నంబర్) చివరి 8 అక్షరాలు చూసి నమ్మొద్దు, అవే అక్షరాలు వచ్చేట్టు దొంగ కీ చేయడం చాలా తేలిక. ఫింగర్‌ప్రింట్ మొత్తం 40 అక్షరాలూ ఫోన్లో చదివించుకోండి, కీ వచ్చిన మెయిల్లోనే అది కూడా వస్తే లాభం లేదు. మా బావ చదివేటప్పుడు బీ, డీ ఒకటే లాగా వినపడి రెండుసార్లు తప్పుపోయింది, చివరికి "బీ అంటే బాపట్ల, డీ అంటే దర్శి" అని నాలుగు నాలుగు అక్షరాలుగా చదివితే కుదిరింది.

సమస్య: సీక్రెట్ కీ (మన దగ్గరే ఉండి మెయిల్ తెరిచేది) లేదు అని ఎర్రర్, మెయిల్ తెరుచుకోదు.

కారణం ఎక్కువసార్లు ఒకటే, అవతలివాళ్ళు ఇంకా మన పాత కీతోనే లాక్ చేస్తా ఉంటారు. కొత్తది పంపి పాతది వాళ్ళ లిస్టులోంచి తీసేయమనండి. మీరు మాత్రం పాత సీక్రెట్ కీని డిలీట్ చేయొద్దు, చేస్తే పాత మెయిల్స్ ఇంక ఎప్పటికీ తెరుచుకోవు.

ఇంకోటి, ఎవరు ఎవరికి పంపారో లాక్ అవదు, చాలా యాప్‌లలో సబ్జెక్ట్ కూడా అంతే, అందుకని సబ్జెక్ట్‌లో అకౌంట్ నంబర్, బిల్లు మొత్తం రాయొద్దండీ, మా బావ మూడు నెలలు అట్టానే పంపాడు.