కంట్లో చుక్క వెలుగు: పోర్ట్రెయిట్‌లో కళ్ళకు కళ తెచ్చే పద్ధతి

"ఫొటో బాగుంది బావూ. మా పాప కళ్ళేవీ?"

పెళ్ళి ఆల్బమ్ ఇచ్చిన రోజు పెళ్ళికూతురు తండ్రి అడిగిన మాట ఇది. నగలు మెరుస్తున్నాయి, పట్టుచీర జరీ పోగు పోగునా కనిపిస్తోంది. కళ్ళున్న చోట మాత్రం రెండు నల్లటి గుంటలు. మండపంలో లైట్లన్నీ నడినెత్తిన వేలాడుతుంటే నేను ఆ అమ్మాయిని సరిగ్గా వాటి కిందే నిలబెట్టి తీశాను. ఆయన నెమ్మదిగానే అడిగారు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. శ్రీకాకుళంలో నా స్టూడియోకి ఎవరు వచ్చినా ఇప్పుడు ముందు కళ్ళు చూస్తాను, ఆ తర్వాతే లైటు ముట్టుకుంటాను.

కన్ను ఒక అద్దం. నల్లగుడ్డు పైనుండే పారదర్శకమైన పొర ఉబ్బెత్తుగా, తడిగా ఉండి, బండి సైడు అద్దంలాగా ఎదురుగా ఉన్నదంతా చిన్నదిగా చేసి చూపిస్తుంది. కిటికీ ఉంటే కిటికీ, సాఫ్ట్‌బాక్స్ (లైటు ముందు తెల్లగుడ్డ కట్టి వెలుగును మెత్తబరిచే పెట్టె) ఉంటే సాఫ్ట్‌బాక్స్. ఎదురుగా చీకటి గోడ ఉంటే కంట్లోనూ చీకటే, ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా ఆ చూపులో ప్రాణం ఉండదు. ఎదురుగా ఉన్న వెలుగు కంట్లో పడి కనిపించే మెరుపు చుక్కనే మనం క్యాచ్‌లైట్ అంటాం. నల్లగుడ్డును గడియారం అనుకుంటే అది పది గంటల దగ్గరో, రెండు గంటల దగ్గరో పడాలి. వెలుగు పైనుంచి, కాస్త పక్కగా రావడం మన కంటికి పుట్టినప్పటి నుంచీ అలవాటు. చుక్క ఒక్కటే కింద పడితే ముఖం భయం పుట్టించేలా ఉంటుంది.

లైటు ఎంత ఎత్తులో పెట్టాలన్నదే అసలు చిక్కు. మా అరసవల్లి గుడి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఏటా మార్చిలో, అక్టోబరులో కొద్దిరోజుల పాటు ఉదయపు సూర్యకిరణాలు గర్భగుడిలోకి వెళ్ళి స్వామి పాదాలను తాకుతాయి. సూర్యుడు కిందుగా ఉన్నాడు కాబట్టే అంత లోపలికి వెళ్ళగలుగుతాయి. అదే మిట్టమధ్యాహ్నం ఎండ కప్పు మీదే ఆగిపోతుంది. కనుబొమ కూడా కంటికి కప్పే. లైటు మరీ ఎత్తుగా ఉంటే వెలుగు బొమ దగ్గరే ఆగి, కంటి గుంటలో నీడ మిగులుతుంది. కళ్ళు లోతుగా ఉన్నవాళ్ళకు లైటు ఇంకా దించాలి. 45 డిగ్రీలు అని పుస్తకాల్లో ఉంటుంది గానీ, నేను కొలత పెట్టుకోను. కెమెరా దగ్గర నిలబడి వాళ్ళ కన్నే చూస్తూ, చుక్క పైరెప్ప చాటుకు పోయేదాకా లైటు పైకి లేపమంటాను. పోయిన చోటు నుంచి జానెడు కిందికి దింపిస్తాను. అంతే.

లైటే లేనప్పుడు ఏం చేయాలో నాకు పొందూరులో ఒక ఇల్లు నేర్పింది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్న నూలు వడికే ఒక మామ్మను తీయడానికి వెళ్ళాను. ఆవిడ రాట్నం ఇంటి లోపల, గోడ వారన ఉంది. ఫ్లాష్ వేస్తే ముడతలన్నీ చదునైపోయాయి, వేయకపోతే కళ్ళు కనబడలేదు. రాట్నాన్ని గుమ్మం వైపు జరపాల్సి వచ్చింది. "ఏటి బావూ, సీకటిగుందా?" అంటూ ఆవిడే లేచి సాయం పట్టింది. గుమ్మానికి మూడడుగులు లోపల, ముఖం వీధి వైపు కొద్దిగా ఏటవాలుగా కూర్చోబెట్టాను. మనవరాలు నాలుగు మడతల తెల్ల ఖద్దరు గుడ్డను ఆవిడ ఒడికి కాస్త ముందు పరిచినట్టు పట్టుకుంది. గుమ్మంలోంచి వచ్చిన వెలుగు గుడ్డ మీద పడి పైకి లేచి, గడ్డం కింది నీడను పలచన చేసింది. పైన గుమ్మం చుక్కగా పడింది, కింద నల్లగుడ్డు గోధుమరంగులో తేనెలాంటి వెలుగు. తెరపై జూమ్ చేస్తే ఆ చుక్కలో గుమ్మం చట్రం, దానికి అడ్డుగా నా తల కూడా కనిపించాయి. తల పక్కకు తప్పించి మళ్ళీ తీశాను. మనవాళ్ళ కళ్ళు ఎక్కువగా ముదురు గోధుమరంగు కాబట్టి కింది నుంచి ఈ తెల్లటి ఆసరా చాలా అవసరం. స్టూడియోలో దీనికి థర్మాకోల్ షీటు చాలు.

స్టూడియోలో మూడడుగుల సాఫ్ట్‌బాక్స్‌ను మనిషికి మూడడుగుల దూరంలోనే పెడతాను. దూరం రెట్టింపయితే చుక్క ఇంచుమించు సగమవుతుంది, వెలుగు దాదాపు నాలుగో వంతే మిగులుతుంది. ఎనిమిది పలకలతో దాదాపు గుండ్రంగా ఉండే ఆక్టాబాక్స్ నాకిష్టం, దాని చుక్క కంట్లో సహజంగా ఒదిగిపోతుంది. రింగ్ లైట్ వద్దంటాను. కంటి మధ్యలో తెల్ల గాజులా పడే ఆ వలయం చూపును కాజేస్తుంది. రెండు లైట్లు ముందే ఉంటే రెండు చుక్కలు పడి చూపు ఎటో తెలియకుండా పోతుంది, ఒకటి పక్కకో వెనక్కో పంపండి.

గది చీకటి చేసి ఫ్లాష్ మీదే ఆధారపడటం ఇంకో పొరపాటు. చీకట్లో కంటిపాప, అంటే నల్లగుడ్డు నడిమధ్యనుండే చిన్న రంధ్రం, పెద్దదై నల్లగుడ్డు రంగంతా మింగేస్తుంది. మోడలింగ్ ల్యాంప్ (స్టూడియో ఫ్లాష్‌లోనే ఆగకుండా వెలిగే చిన్న బల్బు) గానీ ట్యూబ్‌లైటు గానీ వేసి ఉంచితే పాప చిన్నదై రంగు బయటపడుతుంది. నొక్కే ముందు "రెండుసార్లు రెప్పలార్పండి అమ్మా" అంటాను. కంటి మీద తడి సమంగా పరుచుకుని చుక్క తేటగా వస్తుంది. ఎదురుగా ఫ్యాను తిరుగుతుంటే ఆపేయండి, కళ్ళు ఆరిపోతాయి.

కళ్ళద్దాలున్నవాళ్ళకు లైటు కాస్త పైకి, పక్కకు జరిపి, కళ్ళద్దాల కాడలు చెవుల మీద కొంచెం పైకి లేపితే అద్దం మీద మెరుపు పోతుంది. బయట మధ్యాహ్నమైతే ఎండలో నిలబెట్టకండి. వసారా అంచు నీడలో బయటికి చూస్తూ నిలబడితే ఆకాశమంతా సాఫ్ట్‌బాక్సే.

ఫోకస్ మనకు దగ్గరగా ఉన్న కంటి మీదే, అదీ రెప్ప వెంట్రుకల మీద కాకుండా నల్లగుడ్డు మీద. 85 ఎంఎం లెన్స్‌తో దగ్గర నుంచి ఎఫ్ 1.8లో, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి, తీస్తే వెంట్రుకలు పదునుగా, కన్ను మసకగా వచ్చే ప్రమాదం ఉంది. నేను 2.8 నుంచి 4 మధ్యలో ఉంటాను.

ఎడిటింగ్‌లో తెల్లగుడ్డును పాలలా తెల్లగా చేయొద్దు, సన్నటి ఎర్ర జీరలు ఉండనివ్వండి. నల్లగుడ్డు కింది సగం మాత్రం మూడో వంతు స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) పెంచుతాను. ఆ తర్వాత ఫొటోను 4×6 సైజులో ప్రింటు తీసి, చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూస్తాను. అక్కడ చుక్క కనబడకపోతే కస్టమర్‌కి ఫోన్ చేసి, ఇంకోసారి రమ్మంటాను.