ఎకోకి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

గుండె పేషెంట్‌ని టూడీ ఎకోకి (గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) తీసుకెళ్తున్నారా? ముందు పాత రిపోర్టు సంచిలో పెట్టండి. ఈఎఫ్ (గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతుందో చెప్పే అంకె) 45 అని ఒక్క అంకె చూసి టెన్షన్ పడేకంటే, పోయినసారి ఎంత ఉందో పక్కన పెట్టుకుని చూస్తేనే డాక్టరుకి అసలు సంగతి తెలుస్తుంది, అదీ కాక చూసే మనిషిని బట్టి నాలుగైదు అంకెల తేడా మామూలే.

మామూలు ఎకోకి పరగడుపున ఉండక్కర్లేదు. గొంతులోంచి గొట్టం వేసి చేసే టీఈఈకైతే ఉండాలి, సాధారణంగా 6 గంటలు. షుగర్ ఉంటే ముందే అడగండి. బీపీ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

ఎకోకి ముందు బీపీ చూసే దగ్గరే అందరూ తొందరపడతారు. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు; బాత్రూంకి వెళ్లొచ్చి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చొక్కా మీద కాదు, ఒంటి మీదే. ఆ అంకె ఎకో రిపోర్టులో రాశారో లేదో చూడండి, ఎందుకంటే బీపీ ఎక్కువున్నప్పుడు మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య కవాటం) లీకు మామూలుకంటే పెద్దగా కనిపించొచ్చు.

ఆర్‌వీఎస్‌పీ అని రాసేది గుండె కుడి కింది గదిలో ఒత్తిడి; అది రక్తం వేగం నుంచి కట్టిన అంచనా. నేరుగా కొలవాలంటే క్యాథెటర్ (రక్తనాళంలోంచి గుండెలోకి పంపే సన్నని గొట్టం) వేయాల్సిందే.

గుండీల చొక్కా వేయండి. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే ఆయాసం వస్తుందా, టెక్నీషియన్‌కి ముందే చెప్పండి.