చుక్కల గుర్రం ఏ జాతిదో ఎలా గుర్తుపట్టాలి?

ఒంటి మీద చుక్క కనిపిస్తే చాలు, ‘అపలూసా’ అనేస్తారు. అమ్మేవాళ్లూ అంటారు, కొనేవాళ్లూ అంటారు. వినీ వినీ విసుగొచ్చింది. చుక్కలు రంగు సంగతి చెబుతాయి కానీ జాతి సంగతి చెప్పవు. అమెరికా అపలూసా, డెన్మార్క్ నాబ్‌స్ట్రప్పర్, ఆస్ట్రియాలో బరువులు లాగే నోరికర్... వీటన్నింటిలో చుక్కలు తెచ్చేది ఒకటే జన్యువు. ఫ్రాన్స్‌లోని పెష్ మెర్ల్ గుహలో సుమారు 25 వేల ఏళ్ల కిందట గీసిన గుర్రాల మీద కూడా చుక్కలున్నాయి. అప్పటికి ఈ జాతుల్లో ఏదీ లేదు. అందుకే చుక్కల ఆకారాన్ని చివర్లో చూడాలి.

ఒక కొలత టేపు, ఒక తడిగుడ్డ, గుర్రాన్ని పట్టుకోవడానికి దానికి అలవాటైన మనిషి ఉంటే చాలు. గుర్రాన్ని నీడలో, చదునైన నేల మీద నిలబెట్టండి. ఎండ పొడకు చర్మం రంగు సరిగా తెలియదు. ఫోటో చూసి మాత్రం జాతి చెప్పకండి.

మొదట, అవి చుక్కలా, పొడలా అన్నది తేల్చుకోండి. అంచులు తేటగా ఉన్న పెద్ద పెద్ద తెల్ల పొడలుంటే అది పింటో రంగు. అమెరికాలో పెయింట్ అనే జాతిదీ ఇదే తీరు. ఆ దారి వేరు. బూడిదరంగు గుర్రాల ఒంటి మీద కనిపించే లేత గుండ్రాలు కూడా మనం వెతికే చుక్కలు కావు, గుర్రం తెల్లబడేకొద్దీ అవి మాసిపోతాయి. బాగా తెల్లబడ్డాక కొన్నింటికి ఒళ్లంతా ఆవాలు చల్లినట్టు సన్నటి మచ్చలొస్తాయి. వాటినీ లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక అసలు పని చర్మం చూడటం. నూటికి తొంభై మంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చేయండి. తడిగుడ్డతో మూతి తుడవండి. మేత దుమ్ము, ఎండిన చొంగ అంటుకుని ఉంటే మచ్చల్లాగే కనిపిస్తాయి. తుడిచాక ముక్కుపుటాల చుట్టూ, పెదవుల మీద, కళ్ల చుట్టూ చూడండి. చుక్కల జన్యువున్న గుర్రమైతే గులాబీ చర్మం మీద నల్ల మిరియాల పొడి చల్లినట్టు కలగలిసి ఉండాలి. గులాబీ ఒకవైపు, నలుపు ఒకవైపు, మధ్యలో గీత గీసినట్టు ఉంటే అది మామూలు తెల్ల మొహం గుర్తు కిందుండే చర్మమే.

తోక కింద కూడా తప్పకుండా చూడండి. నేరుగా వెనక నిలబడకండి. పక్కన, తొడకు ఆనుకుని నిలబడి తోక ఎత్తండి. మూతి మీద అనుమానంగా ఉన్నప్పుడు తేల్చేది ఈ చోటే. రంగు వెలిసే చర్మవ్యాధి ఉన్న గుర్రాలకూ మూతి దగ్గర గులాబీ మచ్చలొస్తాయి. కాబట్టి ఒక్క చోటు చూసి నమ్మకండి.

తర్వాత కన్ను. నల్లగుడ్డు చుట్టూ మనిషి కంటికి ఉన్నట్టు తెలుపు కనిపించాలి. కానీ మొహమంతా తెల్లగా ఉన్న గుర్రంలో ఈ గుర్తు చెల్లదు. గిట్టల మీద నిలువు చారలకూ ఇదే షరతు: పైన కాలు తెల్లగా ఉంటే ఆ చారలను లెక్కపెట్టకండి. ఈ షరతులు మరిచిపోయి పింటోను అపలూసా అనడం నేను ఎన్నిసార్లు చూశానో!

చర్మం చూడమని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఈ జన్యువున్న పిల్ల ఒకే రంగులో పుట్టి, తర్వాతి ఏళ్లలో తెల్లవెంట్రుకలు తెచ్చుకోవచ్చు. మొహంలో ఎముకలు పొడుచుకొచ్చే చోట్ల, తుంటి మీద మాత్రం ముదురు రంగు నిలిచిపోతుంది. చుక్కల్నే నమ్ముకున్నవాళ్లు ఇలాంటి గుర్రాన్ని రెండేళ్ల తర్వాత చూస్తే గుర్తే పట్టలేరు.

ఇప్పుడు ఎత్తు. మెడ వీపుతో కలిసే ఎత్తైన చోటి నుంచి నేల దాకా కొలవండి. అమెరికాలో 1954లో మొదలైన ‘పోనీ ఆఫ్ ది అమెరికాస్’ 46 నుంచి 56 అంగుళాల మధ్య ఉంటుంది. చూడ్డానికి పొట్టి అపలూసాలా, మొహంలో కొంచెం అరబ్బు గుర్రం కళతో ఉంటుంది. గుబురు జూలు, పొట్టి కాళ్లు, గట్టి ఒళ్లు ఉన్న పోనీ అయితే బ్రిటిష్ స్పాటెడ్ పోనీ కావచ్చు. నోరికర్ భారీ శరీరాన్ని చూశాక పొరబడరు.

అపలూసా, నాబ్‌స్ట్రప్పర్ దగ్గరే చిక్కు. అపలూసా నెజ్ పెర్స్ అనే అమెరికా ఆదివాసీ జనం పెంచిన గుర్రం. తర్వాత క్వార్టర్ హార్స్ అనే కండబలమున్న అమెరికా జాతి రక్తం బాగా కలిసింది కాబట్టి చాలావాటికి పిరుదుల కండ బలంగా ఉంటుంది. నాబ్‌స్ట్రప్పర్ 1812లో ఫ్లేబ్ అనే కసాయి దగ్గర కొన్న ఆడగుర్రంతో మొదలైంది. అది ఎక్కువగా యూరప్ సవారీ గుర్రాల కట్టుబడిలో ఉంటుంది. తెల్లని ఒళ్లంతా నల్లచుక్కలుంటే నాబ్‌స్ట్రప్పరే అని చాలామంది పందెం కాస్తారు. అలాంటి అపలూసాలూ బోలెడున్నాయి.

ఆఖరికి వంశపత్రం అడగండి. కొలరాడో రేంజర్ అనే అమెరికా జాతికైతే వంశమే ప్రమాణం, చుక్క లేకపోయినా అది రేంజరే. పత్రం లేకపోతే ‘చుక్కల జన్యువున్న గుర్రం, జాతి తెలియదు, ఎత్తు ఇంత’ అని రాసుకోండి. ఒళ్లు దాదాపు తెల్లగా ఉండి, చుక్కలు నాలుగైదే ఉంటే పక్కన ఇంకో మాట చేర్చండి: ఇది తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ జన్యువు వచ్చిన గుర్రం కావచ్చు, అలాంటివాటికి రాత్రిపూట చూపు ఉండదు. చీకటి పడ్డాక దాని దగ్గరికి మాట్లాడుతూ వెళ్లండి.