ఉత్తర ఇంగ్లండ్‌లో బుడిబుడి అడుగుల పిల్లలతో షికారు: కునుకు, వాన, పోటు చూసుకుని బయల్దేరడం

రెండేళ్ల పిల్లలతో బయటికెళ్లే రోజుకి లెక్క మధ్యాహ్నం కునుకు దగ్గర మొదలవుతుంది. ఏడాదిన్నర దాటిన పిల్లలు చాలామంది రోజుకి ఒకసారే, పన్నెండున్నర ఒంటిగంట ప్రాంతంలో పడుకుంటారు. పొద్దున ఏడింటికి లేస్తే, తిని తెమిలేసరికి తొమ్మిదవుతుంది. అక్కణ్నుంచి పన్నెండున్నర దాకా ఉన్న మూడున్నర గంటలే మీ చేతిలో ఉన్న షికారు. అందులోంచి ప్రయాణం, పార్కింగ్, న్యాపీ (డైపర్) మార్చడం తీసేస్తే రెండు గంటలు మిగలాలి. అందుకే గంటకి మించిన దూరం పెట్టుకోకండి. లీడ్స్ నుంచి యార్క్, హాలిఫాక్స్, బోల్టన్ ఆబీ. మాంచెస్టర్ నుంచి లివర్‌పూల్, ఫార్మ్‌బీ. న్యూకాజిల్ నుంచి టైన్‌మత్, బీమిష్, షిల్డన్ ఈ లెక్కలో సరిపోతాయి. మాంచెస్టర్ నుంచి విండర్‌మియర్ గంటన్నర పడుతుంది. అక్కడ ఒక రాత్రి ఉండేటట్టయితేనే పెట్టుకోండి.

ఎక్కువమంది దెబ్బతినేది తిరుగు ప్రయాణంలో. పదకొండున్నరకే బయల్దేరితే పిల్ల ఇంటికి పది నిమిషాల దూరంలో కళ్లు మూస్తుంది. కారు ఆగగానే లేస్తుంది. ఆ పది నిమిషాల కునుకుతో అసలు నిద్ర చెడిపోయి, సాయంత్రం ఆరు దాకా ఇల్లంతా ఏడుపే. దీనికి మందు ఒకటే: అక్కడే పన్నెండింటికి అన్నం పెట్టి, న్యాపీ మార్చి, సరిగ్గా నిద్రవేళకి కారెక్కించండి. గంట ప్రయాణం గంట నిద్ర అవుతుంది. వెళ్లేటప్పుడు మాత్రం నిద్రపోనివ్వకండి. అమ్మమ్మో తాతయ్యో పక్కన కూర్చుని గొర్రెల్నీ ట్రాక్టర్లనీ చూపిస్తూ ఉంటే చాలు.

కారు సీటు గురించి చెప్పి ముందుకెళ్దాం. పన్నెండేళ్లు నిండేదాకా లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, ఏది ముందైతే అప్పటిదాకా, పిల్లల సీటు చట్టప్రకారం తప్పనిసరి. ఎత్తుని బట్టి కొనే ఐ-సైజ్ సీటయితే 15 నెలలు దాటేదాకా వెనక్కి తిరిగే కూర్చోవాలి. ఆ తర్వాత కూడా వీలైనంతకాలం అలాగే ఉంచడం మంచిది. చలికాలంలో అందరూ చేసే తప్పు: దళసరి కోటు తొడిగి బెల్టు పెట్టేయడం. గుద్దుకున్నప్పుడు కోటులోని దూది నలిగిపోయి, బెల్టుకీ ఒంటికీ మధ్య ఖాళీ వస్తుంది. కోటు విప్పి, బెల్టు బిగించి, భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత చేతికి దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టే. కోటుని పైన దుప్పటిలా కప్పండి.

రైలు ఇంకా సులువు. ఐదేళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, ఒక్కో పెద్దవాళ్లతో ఇద్దరు దాకా ఉచితం. కాకపోతే వాళ్లకి సీటు హక్కు ఉండదు, టికెట్ కొన్నవాళ్లు నిలబడితే ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు ఉంటే ఒక కిటుకుంది: ఉచితమే అయినా చిన్నవాళ్లలో ఒకరికి పిల్లల టికెట్ కొనండి. దాంతో పెద్దల టికెట్లలో మూడోవంతు తగ్గుతుంది, పిల్లల టికెట్‌లో 60 శాతం పోతుంది, కలిపి చూస్తే తక్కువే పడుతుంది. బస్సులో బగ్గీ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) పెట్టే చోటు నిజానికి చక్రాల కుర్చీది. ఆ ప్రయాణికులు ఎక్కితే బగ్గీ మడిచి చోటివ్వాలి కాబట్టి, ఒంటిచేత్తో మడిచే బగ్గీ తీసుకెళ్లండి.

వానని తప్పించుకునే దారి

ఇక్కడ గాలి ఎక్కువ రోజులు పడమటి నుంచే వీస్తుంది. సముద్రం మీంచి వచ్చిన తేమని లేక్ డిస్ట్రిక్ట్ కొండలూ పెనైన్స్ కొండలూ పిండేస్తాయి. కొండలు దాటి తూర్పుకి వచ్చేసరికి మబ్బులో సరుకు మిగలదు. లేక్ డిస్ట్రిక్ట్‌లో బారోడేల్ లోయలోని సీత్‌వెయిట్‌లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటి వాన కురుస్తుంది. యార్క్‌లో అందులో నాలుగో వంతు కూడా ఉండదు. కాబట్టి గాలి పడమటిదై మాంచెస్టర్‌లో కుండపోత అయితే, షికారు మానక్కర్లేదు, తూర్పుకి వెళ్తే చాలు.

దీనికి తిరగబడే రోజులు కూడా ఉన్నాయి. వసంతంలో, వేసవి మొదట్లో తూర్పుగాలి తగిలితే చల్లటి ఉత్తర సముద్రం మీంచి పొగమంచు ఒడ్డుకి కమ్ముకొస్తుంది. దాన్ని సీ ఫ్రెట్ అంటారు. లీడ్స్‌లో ఎండ కాస్తుంటే, అదే గంటలో స్కార్బరోలో చేతులు కొంకర్లు పోతాయి. వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ యాప్‌లో సూర్యుడి బొమ్మ ఒక్కటే చూసి బయల్దేరితే మోసపోయేది ఇక్కడే. గంటవారీ పట్టీలో గాలి దిక్కు బాణం కూడా చూడండి. తూర్పుగాలి రోజున లివర్‌పూల్ వైపు ఒడ్డు బాగుంటుంది.

బట్టల్లో గుర్తుపెట్టుకోవాల్సింది: బగ్గీలో కూర్చున్న పిల్ల కదలదు, మీరు నడుస్తూ తోస్తుంటారు. మీకు సరిపోయినదానికన్నా పిల్లకి ఒక పొర ఎక్కువ కావాలి. లోపల నూలు బట్ట తడిస్తే ఆరదు, దాని బదులు ఫ్లీస్ వేయండి. పైన నీళ్లు దిగని ఒంటిముక్క పడిల్ సూట్, కాళ్లకి వెల్లీస్ అనే రబ్బరు బూట్లు. సూట్ కాళ్లు వెల్లీస్ బయటికి ఉండాలి, లోపలికి దోపకూడదు. లోపలికి దోపితే వాన నీరు గుడ్డ మీంచి జారి నేరుగా బూటులోకి దిగుతుంది. సూట్ అంచున ఉండే ఎలాస్టిక్ పట్టీ బూటు అడుగు కిందికి వేయడానికే. మార్చుకునే బట్టలు రెండు జతలు, ఒకటి సంచిలో, ఒకటి కారులో. సాక్సులు మూడు జతలు.

ఎండ ఉన్నప్పుడు మన ఒంటి రంగుకి ఏమీ కాదులే అనుకోకండి. చామనఛాయ పిల్లల చర్మం కూడా కందుతుంది. ఎస్‌పీఎఫ్ 30, యూవీఏ నాలుగు నక్షత్రాల క్రీము రాసి, పదకొండు నుంచి మూడింటి దాకా నీడలో ఉంచాలన్నది ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ సలహా. బగ్గీ మీద గుడ్డ కప్పి నీడ చేయకండి. గాలాడక లోపల వేడి చాలా త్వరగా పెరిగిపోతుంది. గొడుగు తగిలించండి.

వాన రోజుకి కప్పున్న చోట్లు

యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియం ప్రవేశం ఉచితం, యార్క్ స్టేషన్ నుంచి బగ్గీతో కొద్ది నిమిషాల నడక. 1938లో గంటకి 126 మైళ్లు పరిగెత్తి ఆవిరి ఇంజిన్లలో రికార్డు కొట్టిన మల్లార్డ్ ఇక్కడుంది, జపాన్ బుల్లెట్ రైలు పెట్టె ఉంది. అన్నీ చూపించాలని లాక్కెళ్లకండి. రెండేళ్ల పిల్ల కళ్లు సరిగ్గా చక్రం ఎత్తులో ఉంటాయి. తనకన్నా పెద్ద చక్రం ముందు పావుగంట నిలబడి, దాని కడ్డీలు లెక్కపెడుతూ ఉంటుంది. ఉండనివ్వండి. రెండు ఇంజిన్లు, ఒక బిస్కట్ విరామం, మళ్లీ మొదటి ఇంజిన్. ఆ రోజుకి అది చాలు.

హాలిఫాక్స్ స్టేషన్ పక్కనే ఉన్న యురేకా పూర్తిగా పిల్లల కోసమే కట్టిన మ్యూజియం, దీనికి టికెట్ ఉంది. ఉచితంగా కావాలంటే మాంచెస్టర్ మ్యూజియంలో కప్పలూ డైనోసార్ ఎముకలూ, లివర్‌పూల్ వరల్డ్ మ్యూజియంలో చేపల తొట్లూ ఉన్నాయి. ఏ చోటికైనా బడులు నడిచే రోజుల్లో, వారం మధ్యలో, తలుపు తీసే వేళకి వెళ్లండి. మీ పిల్లలు ఇంకా బడికి వెళ్లకపోవడం మీకున్న పెద్ద సౌకర్యం. ఫిబ్రవరి, మే, అక్టోబరు నెలల హాఫ్‌టర్మ్ సెలవు వారాల్లో ఇవే హాళ్లలో బగ్గీ తిప్పడానికి చోటుండదు.

సముద్రం ఒడ్డు

ముందు రోజు రాత్రే ఆ ఊరి పోటు వేళలు చూసుకోండి. పోటుకీ పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి పోయిన వారం వేళ ఈ వారం పనికిరాదు. పూర్తి పోటు మీద కొన్ని ఒడ్డుల్లో ఇసకే మిగలదు. పోటు దిగడం మొదలైన రెండు గంటలకి వెళ్తే వెడల్పుగా, తడిగా, బకెట్‌తో బోర్లిస్తే నిలబడే ఇసక దొరుకుతుంది. రాళ్ల గుంటల్లో పీతలు చూపించాలంటే పూర్తి పాటుకి, అంటే నీరు బాగా వెనక్కి తగ్గే వేళకి, గంటన్నర ముందు చేరండి. నీళ్లు మళ్లీ తిరిగాయంటే లేచిపోవాలి.

మొదటిసారికి మంచి చోటు కల్లర్‌కోట్స్. న్యూకాజిల్ నుంచి మెట్రోలో వెళ్లొచ్చు, చిన్న గుండ్రటి ఒడ్డు, రెండువైపులా గోడలు అలల్ని ఆపుతాయి. పక్కనే టైన్‌మత్ లాంగ్‌సాండ్స్ పొడుగ్గా, తెరిపిగా ఉంటుంది. విట్బీ అందమైన ఊరే, కానీ పైనున్న ఆబీకి (పాత క్రైస్తవ మఠానికి) 199 మెట్లు. బగ్గీ కారులోనే వదిలి, వీపుకి కట్టుకునే క్యారియర్ తీసుకెళ్లండి.

పడమటి ఒడ్డు వేరే రకం. లివర్‌పూల్ దగ్గర పెద్ద పోటు రోజుల్లో నీటి మట్టం 9 మీటర్ల దాకా తేడా వస్తుంది. నేల చదునుగా ఉండటంతో నీరు వెనకనున్న పల్లాల్లోంచి ముందే చుట్టేస్తుంది. క్రాస్బీలో ఆంటొనీ గోర్మ్‌లీ నిలబెట్టిన 100 ఇనుప మనుషుల్లో ప్రొమెనేడ్‌కి (ఒడ్డు వెంట ఉన్న నడకదారికి) దగ్గరగా ఉన్నవాళ్ల దాకానే వెళ్లండి, లోపలికి వెళ్తే మోకాలి లోతు బురద. మోర్కమ్ బే ఇసక మీద అసలు నడవకండి, అక్కడ ఊబి ఉంది. ఎక్కడైనా ఎరుపు పసుపు జెండాల మధ్యే నీళ్లలోకి దిగాలి. గాలి నింపే పడవలూ ట్యూబులూ తూర్పు ఒడ్డున వద్దే వద్దు, పడమటి గాలి వాటిని నేరుగా సముద్రంలోకి తోస్తుంది. ఆపద వస్తే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ని అడగండి.

కొండలు, చెరువులు, నదులు

ఇక్కడి కాలిబాటల్లో గొర్రెలు దాటకుండా గోడ మీంచి ఎక్కి దిగే చెక్కమెట్లుంటాయి, వాటిని స్టైల్ అంటారు. బగ్గీకి అదే చివరి మజిలీ. లేక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ వాళ్లు స్టైల్ లేని బాటల్ని మైల్స్ వితౌట్ స్టైల్స్ అనే పేరుతో మూడు తరగతులుగా విడగొట్టారు: అందరికీ, చాలామందికి, కొందరికి. మామూలు బగ్గీకి మొదటి తరగతి తీసుకోండి. టార్న్ హౌస్ అనే చెరువు చుట్టూ తిరిగే బాట రెండు మైళ్ల లోపే అయినా, పిల్ల తన కాళ్లతో నడుస్తానంటే సగానికే రెండు గంటలు పడుతుంది. కార్ పార్కులు ఎండ ఉన్న శనివారం పదింటికల్లా నిండుతాయి. లోయల్లో ఫోను సిగ్నల్ లేక పార్కింగ్ యాప్ పనిచేయకపోవచ్చు, చిల్లర నాణేలు ఉంచుకోండి. పాత కట్టడాల్నీ ప్రకృతినీ కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ చోట్లలో ఐదేళ్లలోపు పిల్లలకి ప్రవేశం ఉచితం, సభ్యులకి పార్కింగ్ కూడా.

బోల్టన్ ఆబీ దగ్గర వార్ఫ్ నది ఒడ్డున ఇసక, లోతులేని నీరు ఉన్నాయి, పిల్లలు గులకరాళ్లు విసురుతూ గంట గడిపేస్తారు. నదికి అడ్డంగా వేసిన రాళ్ల మీంచి దాటకండి, పక్కనే వంతెన ఉంది. అదే నది కాస్త ఎగువన స్ట్రిడ్ అనే చోట ఒక్క గంతు వెడల్పుకి ఇరుక్కుపోతుంది. వెడల్పు తగ్గినకొద్దీ లోతూ వేగమూ పెరుగుతాయి, అంచు రాళ్లు నాచుతో జారతాయి. నడిచే వయసు పిల్లలతో ఆ అంచుకి అసలు వెళ్లొద్దు.

పొలాల్లో గొర్రెపిల్లల్ని తాకే చోట్ల చేతులు సబ్బుతో, పారే నీటి కింద కడగాలి. శానిటైజర్ జెల్ చాలదు, అక్కడ భయపెట్టే ఈ.కోలై, క్రిప్టోస్పోరిడియం లాంటివాటికి జెల్‌ని నమ్ముకోలేం. వేళ్లు నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి గేటు దగ్గరే కడిగించండి, తర్వాతే బిస్కట్. గర్భిణులు గొర్రెలు ఈనే కాలంలో వాటికి దూరంగా ఉండాలి.

అన్నం డబ్బా

పులిహోర కడితే పిల్లల వాటాలోంచి పల్లీలూ శనగపప్పూ ఏరేయండి. ఐదేళ్లలోపు పిల్లలకి గింజలు పలుకులుగా పెట్టకూడదు, గొంతుకి అడ్డం పడతాయి. కారులో వెనక సీట్లో అడ్డం పడితే మీరు చూడను కూడా చూడలేరు. ద్రాక్షపళ్లు నిలువుగా నాలుగు ముక్కలు. వేడి అన్నం పెట్టే ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, పారబోసి, పొగలు కక్కే అన్నం నింపండి. రాత్రంతా కుక్కర్లో ఉండిపోయిన అన్నం వద్దు, అందులో పెరిగే బ్యాక్టీరియా విషం మళ్లీ వేడిచేసినా పోదు. పెరుగన్నమైతే ఐస్‌ప్యాక్‌తో. సముద్రం ఒడ్డున తినేటప్పుడు వీపు గోడకి ఆనించి కూర్చోండి. సీగల్ పక్షులు వెనకనుంచి వచ్చి చేతిలోది తన్నుకుపోతాయి.

డిసెంబరులో నాలుగింటికి ముందే పొద్దుగూకుతుంది. ఆ నెలల్లో మధ్యాహ్నం షికారు పెట్టుకోకండి.

బయల్దేరే ముందు కారు బూట్ (డిక్కీ) తెరిచి, పాత తువ్వాలు పరిచి పిల్లని అంచున కూర్చోబెట్టండి. ముందు వెల్లీస్ తీసి బోర్లించండి, తర్వాత సూట్‌ని లోపలివైపు బయటికి వచ్చేలా ఒలిచి సంచిలో పడేయండి. కాళ్లు తుడిచి, పొడి సాక్సులు, పొడి న్యాపీ. కోటు లేకుండా సీట్లో బిగించి, భుజం దగ్గర పట్టీ గిల్లి చూసి, దుప్పటి కప్పండి. అప్పటికి ఒంటిగంట అయి ఉంటుంది. రేడియో పెట్టకండి.